కుండీలు దించిన మూడో రోజుకి చేపలు పోయాయి, ఇప్పుడు వాటిల్లో ఏం నింపాలి?

కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్‌లో ఉండే ఒకావిడ పెద్ద ఉత్తరం రాశారు, పేరు వెయ్యొద్దన్నారు. మొత్తం ఇక్కడ పెట్టడం కుదరదు కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను. వాళ్ల 7 ఏళ్ల బాబు అడిగాడని వేసవి సెలవుల్లో ఒక ట్యాంక్ కొన్నారు, 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, లోపల రంగు రాళ్లు, ఒక స్పాంజ్ ఫిల్టర్, 14 గప్పీ చేపలు. మూడు వారాలు బానే గడిచింది. తర్వాత ఆవిడకి అందులో ప్లాస్టిక్‌వి కాకుండా నిజం మొక్కలు పెంచాలనిపించింది. అద్దె ఇల్లు కదా, ట్యాంక్ అడుగంతా మట్టి పోసుకుంటే రేపు ఖాళీ చెయ్యమన్నప్పుడు కదపలేం అని ఆలోచించి చిన్న చిన్న మట్టి కుండీల్లో నాటి నీళ్లలోకి దించుదాం అనుకున్నారు. షాపులో నీటి మొక్కలు, రెండు అమెజాన్ స్వోర్డ్‌లు, మూడు క్రిప్టోలు, ఒక అనుబియాస్ తెచ్చారు. బాల్కనీలో గులాబీలకి వాడగా మిగిలిన నర్సరీ మట్టి ఉంది, ఎర్రమట్టి, కోకోపీట్, వర్మీకంపోస్ట్, కొంచెం వేపపిండి కలిపింది, అదే ఆరు కుండీల్లో నింపి పైన రంగు రాళ్లు పరిచారు. అదే రోజు ట్యాంక్ కూడా శుభ్రం చేద్దామని నీళ్లన్నీ తీసేసి కొత్త నీళ్లు పోశారు, ఫిల్టర్ స్పాంజ్‌ని కుళాయి కింద పెట్టి తెల్లటి నీళ్లు వచ్చేదాకా పిండారు. మర్నాటికి నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. రెండో రోజు చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మూడో రోజు పొద్దున్నకి 9 చేపలు పోయాయి.

ఇక ఇంట్లో మాటలు. బాబు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదట. అత్తగారు "మూగజీవాల ఉసురు మనకెందుకు, ఆ ఐదూ ఎవరికైనా ఇచ్చెయ్" అంటున్నారు. భర్త "మొక్కలు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టు, నాకీ గొడవ వద్దు" అంటున్నారు. తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి "ఆక్వా సాయిల్ కొను, మూడు వేలవుతుంది, అది తప్ప ఇంకేదీ వాడకు" అన్నాడు. షాపతను "కుండీల్లో ఉత్త గ్రావెల్ వెయ్యండి మేడమ్, మట్టి జోలికి పోకండి" అన్నాడు. కైకలూరు దగ్గర చేపల చెరువు చేసే నాన్నగారేమో "నీకెందుకమ్మా, మన చెరువు మట్టి ఒక సంచి తెస్తా, దాంట్లో ఏది వేసినా వస్తుంది" అన్నారు. కుండీలు ఇప్పుడు బాల్కనీలో బకెట్‌లో ఉన్నాయి, ఆకులు పసుపు తిరుగుతున్నాయి. "అందరూ తలో మాటా చెప్తున్నారు, ఎవరి మాట విన్నా మిగతా వాళ్లకి కోపం. అసలు నా చేతులతో నేనే చంపేశానా? కుండీల్లో ఏం వెయ్యాలి?" అని అడిగారు.

అమ్మా, ముందు రెండో ప్రశ్న పక్కన పెట్టి మొదటిది చూద్దాం, ఎందుకంటే అది తేలకుండా మట్టి సంగతి మాట్లాడితే మీకు మళ్లీ ధైర్యం రాదు, కుండీ దించిన ప్రతిసారీ చెయ్యి వణుకుతుంది. నాకు తెలుసు, పదేళ్ల కిందట నేను కూడా పశువుల ఎరువు కలిసిన తోట మట్టి ట్యాంక్‌లో వేసి రెండు రాత్రుల్లో ట్యాంక్ మొత్తం పోగొట్టుకున్నాను, ఆ తర్వాత ఏడాది పాటు మట్టి ముట్టలేదు. అందుకే మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

మీరు ఆ రోజు చేసింది ఒక పని కాదు, మూడు పనులు. చేపల రెట్టలోంచీ మిగిలిన మేత లోంచీ అమ్మోనియా వస్తుంది, దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా మీ స్పాంజ్ ఫిల్టర్‌లో పెరుగుతుంది. కొత్త ట్యాంక్‌లో అది కుదురుకోడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, మీది మూడో వారం, అంటే అప్పుడప్పుడే కాలు పెడుతోంది. కుళాయి కింద పిండినప్పుడు అందులో చాలా వరకు కొట్టుకుపోయింది, మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ మిగిలినదాన్ని కూడా దెబ్బ తీస్తుంది. నీళ్లన్నీ ఒకేసారి మార్చడం వల్ల చేపలకి వేడి, నీళ్ల తీరు అన్నీ ఒక్క దెబ్బకి మారిపోయాయి, ఆ నీళ్లలో క్లోరిన్ ఉంటే అది మొప్పల్ని నేరుగా కాలుస్తుంది కూడా. ఇక మూడోది మట్టి. వర్మీకంపోస్ట్ నేల మీద చాలా మంచి ఎరువు, నీళ్లలో మునిగాక మాత్రం అది కుళ్లడం మొదలెట్టి అమ్మోనియా వదుల్తుంది, కుళ్లేటప్పుడు నీళ్లలో ఉన్న ఆక్సిజన్ కూడా లాగేసుకుంటుంది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయన్నారు చూడండి, అది అందుకే. పాలలా తెల్లబడటం అంటే ఆ కుళ్లేదాన్ని తినడానికి బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. దీనికి తోడు వేపపిండి, అది పురుగులకే కాదు చేపలకి కూడా విషమే, నాన్నగారిని అడగండి, చేప పిల్లల్ని వదిలే ముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి ఇప్పపిండి వేస్తారని చెప్తారు, వేపపిండి దానంత గట్టిది కాకపోయినా 50 లీటర్ల నీళ్లలో ఆరు కుండీలంటే తక్కువేం కాదు.

ఇంకోటి, మన హైదరాబాద్ బోరు నీళ్లు చాలా చోట్ల గట్టి నీళ్లు, అంటే సున్నం లాంటి లవణాలు ఎక్కువున్నవి, పీహెచ్ 7.5 పైనే ఉంటుంది. అమ్మోనియాలో చేపని చంపే రూపం పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర దాదాపు 10 రెట్లు ఎక్కువ ఉంటుంది. అంటే అదే మట్టి, అదే తప్పు, మెత్తటి నీళ్లున్న ఊళ్లో జరిగుంటే రెండు చేపలు నీరసపడేవేమో. మూడూ ఒకే రోజు కలిసొచ్చాయి, విడివిడిగా చేసుంటే ఇంత నష్టం జరిగేది కాదు. మీరు చంపలేదు, తెలీక జరిగింది, ఇప్పుడు తెలిసింది. బాబుకి కూడా ఇదే చెప్పండి, "మట్టిలో ఎరువు చేపలకి పడలేదురా, నాకు తెలీలేదు" అని. 7 ఏళ్ల వాడికి ఇది అర్థమవుతుంది, దాచి కొత్త చేపలు తెచ్చి వేస్తే మాత్రం లెక్క పెట్టుకుంటాడు.

ఉన్న 5 చేపల సంగతి మట్టి కంటే ముందు. రోజుకి ఒక్కసారి, చిటికెడు మేత చాలు. రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి, వారం పది రోజులు. బకెట్‌లో ఒక రోజు మూత లేకుండా ఉంచిన నీళ్లు, లేదా షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేసిన నీళ్లు. స్పాంజ్ ఇక ఎప్పుడూ కుళాయి కింద పెట్టొద్దు, ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్లలో రెండుసార్లు నొక్కి వదిలెయ్యండి, మురికిగానే ఉండనివ్వండి, అదే దాని ప్రాణం. అమ్మోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనండి, మట్టికి పెట్టే డబ్బు కంటే ముందు దీనికి పెట్టండి, ఈ కథలో మీకు లేనిది అదొక్కటే.

ఇప్పుడు కుండీలు. మీ ఆలోచన మంచిది, అది ముందు చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో ఎవరూ చెప్పినట్టు లేదు. ట్యాంక్ అడుగంతా రెండంగుళాలు పరిస్తే మీ సైజుకి 9 లీటర్ల సరుకు, గ్రావెల్ అయితే 14 కిలోల దాకా బరువు. కుండీల్లో అయితే మొత్తం కలిపి ఒకటిన్నర రెండు లీటర్ల మట్టి. ఏదన్నా తేడా వస్తే చెయ్యి పెట్టి కుండీ బయటికి తీసేస్తే అయిపోతుంది, మొన్న మీరు చేసింది కూడా అదే కదా, ఆ 5 చేపలు అందుకే బతికాయి. అదే అడుగంతా మట్టి పోసుంటే తియ్యడానికి ట్యాంక్ విప్పాల్సొచ్చేది.

మొక్క మట్టిని ఎందుకు అడుగుతుందో ఒక్క ముక్క. స్వోర్డ్, క్రిప్టో రెండూ వేళ్లతో బాగా తినేవి. వాటి వేళ్ల దగ్గర తిండి ఉండాలి, ఆ తిండిని పట్టుకుని ఉంచేది ఉండాలి. బంకమట్టి రేణువు పోషకాల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, వేరు వచ్చి అడిగితే ఇస్తుంది. ఇసుక, గ్రావెల్ పట్టుకోవు, వేసింది వేసినట్టు నీళ్లలోకి పోతుంది. అంతే తేడా. ఇక ఇంట్లో వాళ్లు చెప్పిన వాటిల్లో తప్పు మాట ఏదీ లేదు, ఒక్కొక్కరు ఒక్కో ట్యాంక్‌ని మనసులో పెట్టుకుని చెప్తున్నారు.

షాపతను చెప్పిన ఉత్త గ్రావెల్ తీసుకుందాం. ఇది అన్నిటికంటే నిశ్చింత, నీళ్లు పాడవ్వవు, కుళ్లేది ఏమీ ఉండదు. కాకపోతే అందులో మొక్కకి తిండి లేదు, రెండు మూడు నెలలకోసారి ప్రతి కుండీలో వేళ్ల దగ్గర ఒక రూట్ ట్యాబ్, అంటే వేళ్లకి పెట్టే ఎరువు బిళ్ల, లోతుగా గుచ్చాలి, మర్చిపోతే మొక్క చావదు గానీ అక్కడే ఆగిపోతుంది, కొత్త ఆకులు చిన్నగా పాలిపోయి వస్తాయి. రూట్ ట్యాబ్ ఖరీదని డీఏపీ గుళికలు, యూరియా మాత్రం గుచ్చకండి, అది మళ్లీ అమ్మోనియానే. గ్రావెల్ 2 నుంచి 3 మిల్లీమీటర్ల సైజు తీసుకోండి, మరీ పెద్ద రాళ్లయితే సందుల్లో మురికి చేరుతుంది. వేసే ముందు నాలుగు రాళ్ల మీద నిమ్మకాయ పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తే అది సున్నపు రాయి, పాలరాతి ముక్కలు ఇలాగే ఉంటాయి, నీళ్లని ఇంకా గట్టిగా చేస్తాయి. మీ నీళ్లు ఇప్పటికే గట్టివి. మీ దగ్గరున్న రంగు రాళ్లు కూడా ఒకసారి గోటితో గీకండి, రంగు ఊడితే తీసెయ్యండి.

తమ్ముడు చెప్పిన ఆక్వా సాయిల్ నిజంగా మంచి సరుకు. పోషకాలున్న మట్టిని గుళికలుగా చేసి కాల్చింది, గుండ్రంగా ఉంటుంది, నీళ్లు మురికి చెయ్యదు, వేళ్లు హాయిగా దిగుతాయి. కానీ రెండు సంగతులు తమ్ముడు చెప్పలేదు, బహుశా అతని ట్యాంక్‌లో వాటి అవసరం రాలేదు. కొత్తలో చాలా రకాలు మూడు నాలుగు వారాల పాటు అవి కూడా అమ్మోనియా వదుల్తాయి, చేపలున్న ట్యాంక్‌లో తిన్నగా దించితే మీకు మళ్లీ అదే భయం. రెండోది, అది నీళ్ల గట్టిదనాన్ని, పీహెచ్‌ని కిందకి లాగుతుంది, టెట్రా చేపలకి, ట్యాంకుల్లో పెంచే కొన్ని రకాల చిన్న రొయ్యలకి అది వరం, మీ గప్పీలకి మాత్రం గట్టి నీళ్లే ఇష్టం. పైగా మన బోరు నీళ్లు వారం వారం పోస్తుంటే ఆ లాగే శక్తి తొందరగా అయిపోతుంది, మీరు డబ్బు పెట్టి కొన్నది నీళ్లతో కుస్తీ పట్టి కరిగిపోతుంది. అయినా సరే కావాలనుకుంటే పెద్ద బస్తా అక్కర్లేదు, కుండీలకి రెండు లీటర్లు చాలు, చిన్న ప్యాకెట్ తీసుకోండి, బకెట్‌లో నెల రోజులు నానబెట్టి రోజు మార్చి రోజు నీళ్లు పారబోస్తూ అమ్మోనియా సున్నా చూపించాక దించండి. ఒకటిన్నర రెండేళ్లకి గుళికలు మెత్తబడి సారం తగ్గుతుంది, అప్పుడు కుండీ తీసి మార్చుకోవచ్చు. నాలుగు వారాలు ఆగగలిగితే, డబ్బు ఇబ్బంది కాకపోతే ఇది తప్పు దారి కాదు.

నాన్నగారి చెరువు మట్టి దగ్గర కాస్త ఆగి మాట్లాడాలి. ఆయన ప్రేమతో అన్నారు, సారం విషయంలో అబద్ధం చెప్పలేదు, చెరువు అడుగు ఒండ్రులో మొక్క అడిగినవన్నీ ఉంటాయి. కానీ ఏళ్ల తరబడి అందులో మేత పడి మగ్గి ఉంటుంది, చేపకి రోగమొచ్చినప్పుడు పోసిన మందులుంటాయి, సున్నం ఉంటుంది, చేప పేను లాంటి పురుగుల గుడ్లు వచ్చే వీలుంటుంది, పక్కన రొయ్యల చెరువులుంటే ఉప్పు కూడా. అన్నిటికీ మించి అది నల్లగా, గాలి ఆడకుండా ఉండే మట్టి, కదిపితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది చూడండి, ఆ గ్యాస్ చేపకి అమ్మోనియా కంటే తొందరగా ప్రాణం తీస్తుంది. అంత పెద్ద చెరువులో గాలి, ఎండ, ఏరేటర్లు దాన్ని సర్దుకుంటాయి, 50 లీటర్ల గాజు పెట్టెలో సర్దుకోడానికి చోటు లేదు. నాన్నగారితో ఇలా వాదించకండి. ఆయన్ని ఒక్కటే అడగండి, "పట్టుబడి అయ్యాక చెరువు ఎందుకు ఎండగడతారు నాన్నా" అని. ఆయన చెప్తారు, నేల పగుళ్లిచ్చేదాకా ఎండబెడితే అడుగున చేరిన చెడు పోతుంది, నలుపు పోయి మట్టి రంగు తిరుగుతుంది, అప్పుడు మళ్లీ నీళ్లు పెడితే చేప బాగా ఎదుగుతుంది అని. అమ్మా, మీ ప్రశ్నకి జవాబు అదే. చెరువు మట్టి అక్కర్లేదు, చెరువు రైతు తెలివి తెచ్చుకోండి.

అంటే ఏంటంటే, మామూలు ఎర్రమట్టి తీసుకుని చెరువుని ఎండగట్టినట్టే ఎండగట్టడం. ఎరువు, కోకోపీట్, పిండి ఏమీ కలపని ఉత్త ఎర్రమట్టి, నర్సరీ వాళ్లని అడిగితే ఏమీ కలపకుండా విడిగా ఇస్తారు. మందు కొట్టే పొలం లోది వద్దు, రోడ్డు పక్కది వద్దు, ఇల్లు కట్టే చోట సిమెంట్ పడింది వద్దు. రేగడి కూడా వద్దు, దానికి పోషకాలు పట్టే గుణం ఎర్రమట్టి కంటే ఎక్కువే గానీ తడికి ఉబ్బి పేస్టులా అయిపోతుంది, వేలు తగిలితే చాలు ట్యాంకంతా బురద. ఎర్రమట్టిలో నత్రజని, కుళ్లే చెత్త తక్కువ, ఇనుము ఎక్కువ, పొలానికి అది లోపం, మీ ట్యాంక్‌కి అదే కలిసొచ్చింది. నీళ్లలో మునిగి గాలి తక్కువైనప్పుడు ఆ ఇనుము వేళ్లు తీసుకోగలిగే రూపంలోకి మారుతుంది, స్వోర్డ్‌కి ఇనుమంటే ప్రాణం.

జల్లెడ పట్టి రాళ్లు, పుల్లలు తీసెయ్యండి. టబ్బులో వేసి నిండా నీళ్లు పోసి కలిపి పైకి తేలిన చెత్త పారబొయ్యండి, ఒక రోజు నాననిచ్చి నీళ్లు వంచేసి డాబా మీద పాత దుప్పటి మీద పల్చగా పరిచి ఎండబెట్టండి. ఎండలో పొడిపొడిగా అయ్యాక మళ్లీ తడపడం, మళ్లీ ఎండబెట్టడం, ఇలా మూడు నాలుగు సార్లు. ప్రతి తడపడంలో కుళ్లేది కొంత కుళ్లిపోతుంది, కరిగేది కరిగి పోతుంది, మిగిలేది మొక్కకి కావాల్సిన మట్టి. ఎండ బాగుంటే పది పన్నెండు రోజుల పని, వానల్లో అయితే నెల పడుతుంది, ఇది ఈ దారిలో ఉన్న కష్టం, ఖర్చు మాత్రం దాదాపు లేదు. చివర్లో ఒక గాజు సీసాలో గుప్పెడు మట్టి, నీళ్లు వేసి మూత పెట్టి ఊపి నాలుగు రోజులు వదిలెయ్యండి. మూత తీస్తే వాన పడ్డ నేల వాసన రావాలి, మురుగు వాసన వస్తే ఇంకో రెండుసార్లు ఎండబెట్టాలి. ఆ నీళ్లనే టెస్ట్ కిట్‌తో చూడండి, అమ్మోనియా 0.25 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాటితే దించొద్దు.

కుండీ సంగతి కూడా ముఖ్యం. మీ ట్యాంక్ ఎత్తు అడుగే, 4 అంగుళాల కుండీ పెడితే మూడో వంతు అక్కడే పోతుంది, మొక్కకి ఎదగడానికి చోటుండదు. వెడల్పుగా లోతు తక్కువున్నవి మేలు, పెరుగు తోడుపెట్టే మట్టి గిన్నెలు, చిన్న మూకుళ్లు బాగుంటాయి, అడుగున రంధ్రం లేకపోయినా నీళ్ల కింద ఇబ్బంది లేదు. రంధ్రం ఉన్న కుండీ అయితే దోమల మెష్ ముక్క వెయ్యండి. పాతవి, ఇంతకుముందు ఎరువులు తాగిన గులాబీ కుండీలు వాడకండి, మట్టి కుండ తాగింది మెల్లగా కక్కుతుంది. అడుగున అంగుళంన్నర మట్టి, పైన అంగుళం కడిగిన నది ఇసుక గానీ సన్న గ్రావెల్ గానీ. ఎమ్ శాండ్, అంటే రాయిని పొడి చేసిన ఇసుక, వద్దు, దాని దుమ్ము ఎంత కడిగినా వస్తూనే ఉంటుంది. సముద్రపు ఇసుక అస్సలు వద్దు. మట్టి రెండంగుళాలు మించకూడదు, లోతు పెరిగే కొద్దీ అడుగున గాలి ఆడక ఆ గుడ్డు వాసన మొదలవుతుంది. వేళ్లు నిండాక ఆ భయం తగ్గుతుంది, మడిలో వరి వేళ్లు నీళ్ల కింద ఎలా ఊపిరి తీస్తాయో ఈ మొక్కల వేళ్లు కూడా ఆకుల్లోంచి గాలి తెచ్చుకుని చుట్టూ మట్టికి కొంచెం ఇస్తాయి. అందుకే మొక్క లేని మట్టి కుండీ ట్యాంక్‌లో ఎప్పుడూ ఉంచకండి.

నాటాక తిన్నగా ట్యాంక్‌లో పెట్టకుండా బకెట్‌లో వారం ఉంచండి. దించేటప్పుడు కుండీని ముందే బాగా తడిపి కాస్త వంచి చాలా మెల్లగా దించండి, లోపలున్న గాలి ఒక్కసారిగా బుడగలై వస్తే మట్టిని కూడా లేపుకుని వస్తుంది. ఒకేసారి అన్నీ వద్దు, మొదటి వారం రెండు, అమ్మోనియా సున్నా ఉంటే తర్వాత రెండు.

మీవారి ప్లాస్టిక్ మాట కూడా కొట్టిపారెయ్యకండి. ఆయన అడిగేది ఇంట్లో ప్రశాంతత. ప్లాస్టిక్ మొక్క చేపకి హాని చెయ్యదు, మేలూ చెయ్యదు, చేపల మురికిని తినదు. మధ్య దారి ఒకటుంది, మట్టే అక్కర్లేని మొక్కలు, జావా ఫెర్న్, జావా మాస్, హార్న్‌వర్ట్, ఇవి రాయికో కర్రకో కట్టినా, ఊరికే నీళ్లలో వదిలినా నీళ్లలోంచే తింటాయి. హార్న్‌వర్ట్ అయితే అమ్మోనియాని నేరుగా లాక్కుంటుంది, మీ 5 చేపలకి ఈ వారమే పనికొస్తుంది. ఈ దారిలో కుండీ, మట్టి, ఎండబెట్టడం ఏదీ లేదు, స్వోర్డ్‌లు, క్రిప్టోలు మాత్రం ఎవరికైనా ఇచ్చెయ్యాల్సొస్తుంది.

నన్నడిగితే మీ స్థానంలో ఉంటే నేను ఏం చేస్తాననేది చెప్తాను, అదే చెయ్యాలని లేదు. ముందు హార్న్‌వర్ట్ వేసి నెల రోజులు ట్యాంక్ కుదుటపడనిస్తాను. ఈలోగా డాబా మీద ఎర్రమట్టి ఎండబెట్టుకుంటాను. తర్వాత ఒక క్రిప్టో ఎర్రమట్టి గిన్నెలో, ఇంకో క్రిప్టో గ్రావెల్, రూట్ ట్యాబ్ గిన్నెలో పక్కపక్కన పెట్టి చూస్తాను, మూడు నెలల్లో మీ నీళ్లకి, మీ ఓపికకి ఏది సరిపోతుందో మీ కళ్లకే తెలుస్తుంది, అప్పుడిక తమ్ముడికీ షాపతనికీ జవాబు చెప్పే పని ఉండదు. స్వోర్డ్‌లు రెండూ వద్దు, ఒక్కటి చాలు, అది పెరిగితే మీ ట్యాంక్ ఎత్తు దాటుతుంది, వేళ్లు చిన్న గిన్నెలో ఇరుక్కుంటాయి, దానికి 6 అంగుళాల వెడల్పు గిన్నె ఇవ్వండి. క్రిప్టో నాటిన వారంలో ఆకులన్నీ జావలా కరిగిపోతే కంగారుపడి పీకెయ్యకండి, చోటు మారితే అది అలాగే చేస్తుంది, కరిగిన ఆకులు తీసేస్తూ ఉండండి, వేరు బతికుంటే మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వస్తుంది. లైట్ రోజుకి 7 గంటలు మించొద్దు, లేదంటే పచ్చటి నాచు పడుతుంది. మీవి గప్పీలు కాబట్టి తవ్వే బెడద లేదు, గోల్డ్ ఫిష్ అయితే కుండీ పైన నిమ్మకాయంత గులకరాళ్లు పెట్టమని చెప్పేవాణ్ని, చిన్న గ్రావెల్ వాటి నోట్లో ఇరుక్కుంటుంది.

అత్తగారి మాట చివరికి మిగిలింది. ఆవిడ కోపం మీ మీద కాదనుకుంటున్నాను, కళ్ల ముందు ప్రాణాలు పోవడం చూడలేక అన్న మాట. చేపల్ని ఇచ్చెయ్యడం కూడా ఒక దారే, మీకు వారం పది రోజులు రోజూ నీళ్లు మార్చే తీరిక లేదనుకుంటే, వాటిని బాగా చూసుకునే వాళ్లెవరైనా తెలిస్తే, సిగ్గుపడకుండా ఇచ్చెయ్యండి, మట్టి కుదురుకున్నాక మళ్లీ తెచ్చుకోవచ్చు. ఉంచుకుంటే మాత్రం పొద్దున్న మేత వేసే పని ఆవిడకి ఇచ్చి చూడండి, చిటికెడు కొలత మీరు చూపించండి. నీళ్ల టెస్ట్ రంగు చూసి చెప్పే పని బాబుకి.

ఆ అనుబియాస్‌ని మాత్రం ఈ రోజే కుండీలోంచి తీసెయ్యండి. దాని లావుపాటి కాడ అడ్డంగా పాకుతుంది చూడండి, అది మట్టిలో కప్పుకుపోతే కుళ్లిపోతుంది, దానికి ఏ మట్టీ అక్కర్లేదు. కాడ కడిగి, మెత్తబడ్డ భాగం ఉంటే కోసేసి, కుట్టుదారంతో ఒక రాయికి కట్టి ట్యాంక్‌లో నీడ ఉన్న మూల పెట్టండి. రెండు నెలలకి వేళ్లు రాయిని పట్టుకుంటాయి, అప్పుడు దారం తీసెయ్యొచ్చు.